మూడు ఏత్వాలు తీసివేయించుట గురించి

శిక్షణ, ధ్రువపత్రముల విభాగపు రిజిస్ట్రారు గారి సముఖమునకు,
పెద్దాసుపత్రిలో హౌస్ సర్జనుగా ఏడాది పని ముగించిన ఒక డాక్టరు (బ్యాచ్‌లో పిలుపు పేరు: ఏత్వం) వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా లాగ్‌బుక్కు 41వ పుటలో "చే" అని ఉన్న మూడు గడులను రద్దుపరచి, సర్జరీ సీటులో నేను చేరవలసిన తేదీని వాయిదా వేసి, నన్ను మరల రెండు నెలలు హౌస్ సర్జనుగా ఉంచవలసినదిగా కోరుట గురించి.

పై విషయమై తమకు విన్నవించునది ఏమనగా, ఈ పని మీద తమ కార్యాలయపు మూడో కౌంటరు గుమాస్తా గారిని నేను నాలుగు పర్యాయములు కలిసితిని. లాగ్‌బుక్కులో తప్పిపోయిన గడులను ఎక్కించుటకు ఫారము కలదనియు, ఎక్కినవి తీయించుటకు ఫారము లేదనియు వారు తెలిపిరి. "ఇరవై రెండేళ్ళ సర్వీసమ్మా నాది. లేదు, ఇప్పించండి అని ఏడ్చినవాళ్ళని చూశాను. ఉంది, తీసెయ్యండి అని వచ్చినదానివి నువ్వొక్కదానివే," అన్నారు. చివరికి జాలిపడి ఎక్కించే ఫారమే ఇచ్చి, అంకె ముందు చిన్న గీత పెట్టమన్నారు. మైనస్ అని పైవాళ్ళకు అర్థమవుతుందట. సదరు ఫారము గీతతో సహా జతపరచడమైనది. అది చాలదని తోచి ఈ అర్జీ వ్రాయుచున్నాను. అంశములకు సంఖ్యలు వేయమన్నది కూడా వారే.

1. సదరు లాగ్‌బుక్కు అనగా, ఐదున్నర సంవత్సరముల వైద్యవిద్యలో చివరి ఏడాది మేము ఏ వార్డులో ఏ పని నేర్చితిమో నమోదుచేయు నీలిరంగు అట్ట పుస్తకము. ప్రతి పనికి ఎదురుగా గడులు ఉండును. గడిలో వ్రాయదగిన అక్షరములు మూడు. ప్రక్కన నిలబడి చూసినచో "చూ". చేయి సాయము పట్టినచో "సా". స్వయముగా చేసినచో "చే". ముఖ్యమైన పని ప్రతిదానికి మూడు "చే"లు పడనిదే ఆ పని వచ్చినట్లు కాదు. పనులన్నీ వచ్చినట్లు కానిదే ధ్రువపత్రము రాదు. నియమము మంచిదే. దానిని వ్రాసినవారు మంచి మనసుతోనే వ్రాసి ఉందురు.

2. అయితే వాడుక వేరు. ఒక్కో వార్డు నుండి మేము మారిపోవు రోజున పుస్తకములన్నీ దొంతరగా తెచ్చి సీనియరు ముందు పెడతాము. ఆయన మూడో వంతు నిద్రలోను, మిగతా రెండు వంతులు తర్వాతి ఆపరేషను తొందరలోను ఉండి, పుట తిప్పకుండా మేము తిప్పిన చోటల్లా సంతకము చేయుదురు. ఆ దొంతర ఆయన ముందుకు వెళ్ళే లోపల "చూ"లన్నీ "చే"లు అయి ఉండాలి. దీన్ని మేము కొమ్ములు విరవడం అంటాము. "చూ"కి ఉన్న కొమ్ముదీర్ఘం తీసేసి, తలకట్టు చోట ఏత్వం పెడితే సరి, చూసినవాడు చేసినవాడైపోతాడు. "నీ కొమ్ములు విరిచారా?" అని ఒకరినొకరు అడిగి నవ్వుకునేవాళ్ళం. మా పైబ్యాచ్ వాళ్ళు మాకు నేర్పారు, మేము కిందివాళ్ళకు నేర్పాము. కాలేజీలో ఒకరి నుంచి ఒకరికి పూర్తిగా, లోపం లేకుండా అందిన విద్య ఇదొక్కటే.

3. ఈ పనిలో బ్యాచ్ మొత్తానికి నేనే నిపుణురాలిని అని తెలియజేసుకొనుటకు సిగ్గుపడుచున్నాను. మా నాన్న దుకాణాలకు బోర్డులు వ్రాసే పెయింటరు. నాకు ఓనమాలు పలక మీద రాలేదు, రేకు మీద కుంచెతో వచ్చాయి. నా అక్షరం కుదురుగా ఉంటుందని స్నేహితులందరూ వాళ్ళ పుస్తకాలు నా ముందే పెట్టేవారు. కొమ్మును శస్త్రచికిత్స బ్లేడు అంచుతో కాగితం చిరగకుండా గీకాలి, తలకట్టును అదే సిరాతో పైకి తిప్పి ఏత్వం చేయాలి. "ఏత్వం" అన్న పేరు నాకు అలా వచ్చింది. ఐదున్నరేళ్ళ చదువులో నేను ఆ బ్లేడును తడుముకోకుండా పట్టింది ఈ పనికే. ఎవరెవరి పుస్తకములో నేను దిద్దానో పేర్లు వ్రాయను. కాని పుస్తకములన్నీ తమ బల్ల మీద పెట్టించినచో ప్రతి ఏత్వాన్ని చూపించగలను. మా నాన్న నేర్పిన ఏత్వం చివర కాస్త పైకి లేచి ఉంటుంది.

4. 41వ పుట విషయము. అది ఛాతీలో గొట్టము వేయుటకు సంబంధించిన పుట. దెబ్బ తగిలి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరితే, ముందు సూదితోను, తరువాత గొట్టముతోను ఆ గాలిని వెంటనే వదిలించవలెను. వదిలించనిచో మనిషి నిమిషాల్లో పోవును. ఈ పని నా కళ్ళ ఎదుట మూడుసార్లు జరిగినట్లు పుటలో తేదీలు కలవు. మొదటిసారి ఆరుగురి వెనక నిలబడ్డాను, ముందున్నవాడి భుజం చూశాను. రెండోసారి టార్చి పట్టుకున్నాను, వెలుగు ఎక్కడ పడుతోందో చూసుకోవడంలోనే సరిపోయింది. మూడోసారి రక్తం సీసా ఇచ్చి ల్యాబుకు పరుగెత్తమన్నారు, తిరిగి వచ్చేసరికి కట్టు కడుతున్నారు. కావున మూడో గడిలో "చూ" కూడా న్యాయంగా నాది కాదు. అది ఖాళీగా ఉంచవలసినదిగా ప్రార్థన.

5. నేను వార్డులో ఎందుకు లేను, ఉన్నప్పుడు ముందుకు ఎందుకు రాలేదు అని తమరు అడగవచ్చు. పీజీ సీటు పరీక్షలో ప్రశ్నకు నాలుగు జవాబులు ఉంటాయి, ఒకదాన్ని నల్లగా దిద్దాలి. ఏడాదంతా ఆ దిద్దుడుకే పోయింది. లైబ్రరీ కుర్చీ మీద చున్నీ వేసి చోటు ఆపుకుని, రౌండ్సు కాగానే అక్కడికి పరుగు. మా యూనిట్ సారు కూడా, "వార్డులో ఏముందమ్మా, రోగులెక్కడికీ పోరు. ముందు రాంకు చూసుకో," అన్నారు. ఆయన నా మేలు కోరే అన్నారు. రోగులు ఎక్కడికీ పోరన్నది మాత్రం నిజం కాలేదు.

6. నాకు మంచి రాంకు వచ్చింది. ఛాతీలో గాలి చేరినప్పుడు మొట్టమొదట చేయవలసినది ఏమి అన్న ప్రశ్న ఆ పరీక్షలో వచ్చింది. సరైన జవాబే దిద్దాను.

సీట్లు పంచే హాలులో తెర మీద ఖాళీలు ఒక్కొక్కటే ఎగిరిపోతూ ఉన్నాయి. నా వంతుకు మూడు నిమిషాలిచ్చారు. అప్పటిదాకా ఐదున్నరేళ్ళలో ఒక్కరు కూడా నన్ను, నీకు ఏ పని చేతనవుతుంది, ఏ పనిలో నీ మనసు కుదురుకుంటుంది అని అడగలేదు. దారి చూపించుటకు ఒక ఉపన్యాసము పెట్టిరి గాని, వచ్చిన పెద్దమనిషి గంటసేపు తన సొంత రాంకు గురించే చెప్పుకొనిరి. కూరగాయలు కొనేవాళ్ళు కూడా ఒకటికి రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూస్తారు. నేను బల్ల ముందు బిక్కమొహం వేసుకుని నిలబడితే పక్కనున్న స్నేహితురాలు మోచేత్తో పొడిచింది. "ఈ రాంకుకి సర్జరీ వస్తుంటే ఆలోచిస్తావేంటే? వదులుకుంటే పిచ్చిదానివంటారు." బల్ల వెనకాయన, "తేల్చమ్మా, వెనకాల జనం ఉన్నారు," అన్నారు. తేల్చాను. ఇంటికి వెళ్ళి చెబితే నాన్న అదే రోజు మంచి రేకు ఒకటి తీసి, తెల్లరంగు పూసి, ఎర్ర అక్షరాలతో నా పేరు, కింద "సర్జను" అని వ్రాశారు. ఇంకా మూడేళ్ళుంది నాన్నా అంటే, "రంగు బాగా ఆరనీ," అన్నారు.

7. ఇక అసలు సంగతి. హౌస్ సర్జనుగా నా ఆఖరి నెలలో, పుస్తకంలో సంతకాలన్నీ అయిపోయి రెండో విడత పని చేస్తున్న సర్జరీ వార్డులో, పదకొండో మంచం మీదికి టైల్సు వేసే మేస్త్రీ ఒకాయన వచ్చారు. నిచ్చెన మీద నుంచి పడి మూడు పక్కటెముకలు విరిగాయి. నలభై ఎనిమిదేళ్ళు. నొప్పి ఉన్నా నోరు ఊరుకునేది కాదు. మొదటి రోజే మంచం మీద నుంచి నేల చూసి, "డాక్టరమ్మా, ఎవరు వేశారో గానీ ఈ వరస వంకరపోయింది. నేను లేచాక ఊడదీసి వేసిపోతా," అన్నారు. నేను చూస్తే నిజంగానే తలుపు దగ్గర మొదలై ఆయన మంచం కింది దాకా వరస పక్కకు జరిగి ఉంది. ఏడాది ఆ నేల మీద నడిచాను, ఎప్పుడూ కనబడలేదు.

ఒక రోజు కట్టు చూస్తుంటే పని ఎలా నేర్చుకున్నారని అడిగాను.

"మొదటి ఏడాది టైలు ముట్టనివ్వలేదమ్మా మా మేస్త్రీ. నీళ్ళు మొయ్యడం, సిమెంటు కలపడం, చూడటం. రెండో ఏడాది నా పక్కన గొంతుక్కూచుని, నా చెయ్యి మీద ఆయన చెయ్యేసి వేయించాడు. మూడో ఏడాది చెయ్యి తీశాడు. కానీ లేచిపోలేదు, పక్కనే కూచున్నాడు. మీక్కూడా అంతేనా?"

"అంతే," అన్నాను.

అయ్యా, ఈ అర్జీలో నేను చెప్పుకొంటున్న అన్ని తప్పులలోను నాకు గొంతు దిగనిది ఆ ఒక్క మాట. ఆయన నమ్మారు. నమ్మి, నా చేతులవైపు గౌరవంగా చూశారు.

8. ఆయన వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషములకు సదరు రోగికి ఉన్నట్టుండి ఆయాసము ఎక్కువైనది. యూనిట్ సర్జను గారు, పీజీలు ఇద్దరూ థియేటరులో పొట్ట తెరిచిన రోగి వద్ద ఉండిరి. వార్డులో నేను, పెద్ద సిస్టరు మాత్రమే ఉంటిమి. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టాను, కుడివైపు శబ్దం లేదు. వేలితో తట్టాను, ఖాళీ డబ్బాలా మోగింది. మెడ నరాలు ఉబ్బాయి. నాకు తెలిసిపోయింది. జవాబు తెలిసిన ప్రశ్న నా ముందు మంచం మీద పడుకుని నా మణికట్టు పట్టుకుంది.

నేను అడగకముందే సిస్టరు ట్రే తెచ్చి పెట్టింది. నేను థియేటరుకు ఫోను చేశాను. సర్జను గారి చెవి దగ్గర ఎవరో ఫోను పట్టుకున్నారు.

"సార్, నాకు రాదు సార్. మీరు రావాలి."

"పొట్ట తెరిచి ఉందమ్మా, ఎలా రాను? మూడు చేశావు కదా, నేనే సంతకం పెట్టాను. పైగా సర్జరీ సీటు వచ్చినదానివి. భయపడకు, పెట్టెయ్. కుదరగానే వస్తా."

ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఆయనే సంతకం పెట్టారు.

సూది తీసుకున్నాను. ఎముకకు తగిలి ఆగింది. తీసి మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఎముకే. "ఇంకొంచెం పైన డాక్టర్, ఇంకా పైన," అంటోంది సిస్టరు. ఆమె అలాంటివి ముప్పై చూసింది, ఆమెను మాత్రం ఎవరూ చేయనివ్వరు. నా సూది దారి తప్పడం మేస్త్రీ గారికి తెలుస్తూనే ఉంది. నా మణికట్టు వదిలేశారు. పట్టుకుంటే నాకు అడ్డమని వదిలేశారో, ఇక బలం లేక వదిలేశారో నాకు తెలియదు. రోజూ అదే ఆలోచిస్తున్నాను.

పదకొండు నిమిషాలకు సర్జను గారు చేతి తొడుగులతోనే పరుగెత్తుకొచ్చి, ఒక్క పోటులో సూది దించారు. గాలి బుస్సుమని బయటికి వచ్చింది. ఆ శబ్దాన్ని నేను అంతకు ముందు పుస్తకంలో చదివాను. గుండె అప్పటికే ఆగిపోయి ఉంది. నలభై నిమిషాలు ప్రయత్నించారు.

9. విచారణకు ఇద్దరు సభ్యుల కమిటీ వేయడమైనది. "ఇదివరకు ఈ పని చేశావా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా రెండో సభ్యుడు నా లాగ్‌బుక్కు 41వ పుట తిప్పి, "మూడు ఉన్నాయి కదండీ," అన్నారు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. దీనిలో వాడుక తప్పు లేదు, సంతకము తప్పు లేదు. నోరు నాది. కమిటీ వ్రాసినది ఇది: "సదరు హౌస్ సర్జను ఈ పనియందు తగు శిక్షణ పొందియున్నందున, నిర్లక్ష్యమునకు తావు లేదు. మరణము అనివార్యము." బయటికి వచ్చాక స్నేహితులు భుజం తట్టారు. "చూశావా, నీ ఏత్వమే నిన్ను కాపాడింది," అని ఒకడన్నాడు. వాడు ఓదార్పుకే అన్నాడు పాపం.

10. ఇంట్లో వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత పుస్తకం తీసి నాన్న ముందు పెట్టాను. 41వ పుట తెరిచాను. ఆయన కళ్ళజోడు పెట్టుకోలేదు, బొటనవేలితో గడి మీద రాశారు. "ఇక్కడ గీకావు తల్లీ. ఇది మొదట రాసిన అక్షరం కాదు." అప్పుడు అంతా చెప్పాను. చెప్పి ఏడ్చాను. ఆయన పుటనే తడుముతూ కూర్చుని, "నేను నేర్పిన ఏత్వమే," అన్నారు. తిట్టినా బాగుండేది. మర్నాడు చూస్తే బోర్డు మీద నా పేరు ఉంది, కింద "సర్జను" అన్న చోట గీకిన మరక ఉంది. "తడిగా ఉన్నప్పుడైతే గుడ్డతో పోయేది. ఎండింది కదా, మచ్చ మిగిలింది," అన్నారు, నా వైపు చూడకుండా.

11. ఈ సోమవారము నేను సర్జరీ పీజీగా చేరవలసి ఉన్నది. చేరిన రోజు నుండి నా కింద హౌస్ సర్జనులు ఉందురు. నెల తిరిగేసరికి వారి పుస్తకముల దొంతర నా ముందుకు వచ్చును. నేనును మూడో వంతు నిద్రలో సంతకము చేయుదును. ఏదో ఒక మధ్యాహ్నము ఒక పిల్ల నాకు ఫోను చేసి, రాదు, మీరు రండి అనును. నేను ఏమందునో నాకు తెలుసు.

కావున తమరిని వేడుకొనునది:

(అ) 41వ పుటలో మొదటి రెండు గడులలో "చూ" అని వ్రాయించి, మూడవది ఖాళీగా ఉంచి, తమ ముద్ర వేయించవలెను. దిద్దినట్లు బాహాటముగా కనబడవలెను.

(ఆ) నా ధ్రువపత్రము నిలిపి, నన్ను అదే వార్డులో రెండు నెలలు ఉంచవలెను. నేను సూది పట్టినప్పుడు పక్కన ఒకరు ఉండవలెను. నా చెయ్యి మీద చెయ్యి వేయవలెను. తరువాత చెయ్యి తీసినను లేచిపోరాదు. ఇందుకు లాగ్‌బుక్కులో గడి లేదు, అక్షరము లేదు. తమకు వీలైనచో కల్పించవలెను.

(ఇ) అప్పటికి కూడా నాకు ఈ పని రానిచో, సర్జరీ సీటు నా తర్వాతి రాంకు వారికి ఇచ్చివేయవలెను. నాకు ఏది చేతనవునో నాకు నిజంగా తెలియదు. ఇరవై నాలుగేళ్ళకు ఈ మాట చెప్పుకోవడం ఎంత కష్టమో తమకు పిల్లలుంటే తెలుస్తుంది.

(ఈ) కమిటీ నివేదికలో "తగు శిక్షణ పొందియున్నందున" అన్న మాటలు కొట్టివేయించవలెను. అందువలన నాకు రాగల శిక్షకు నేను సిద్ధముగా ఉన్నాను.

ఈ విన్నపమును తమరు సోమవారము లోపల చిత్తగించవలెనని పదే పదే ప్రార్థించుచు,

తమ విధేయురాలు,
ఏత్వం

జతపరచినవి: లాగ్‌బుక్కు ఒకటి, ఎక్కించు ఫారము ఒకటి (ముందు గీతతో).

తా.క. అర్జీ మడిచి కవరులో పెట్టాక మళ్ళీ తీసి ఇది వ్రాస్తున్నాను. అసలు సంగతి పైన వ్రాయలేకపోయాను.

నిన్న నేను సిస్టరును చూడటానికి వార్డుకు వెళ్ళినప్పుడు, మేస్త్రీ గారి భార్య మరణ నివేదిక నకలు కోసం అక్కడికి వచ్చింది. ఒక స్కూల్లో ఆయాగా పని చేస్తుందట, అక్కడి నుంచే నేరుగా వచ్చింది. నన్ను గుర్తుపట్టి, "ఆఖర్న మీరే చూశారటగా డాక్టరమ్మా. బాగా చూశారని సిస్టరు చెప్పింది. మీ గురించి ఇంట్లో కూడా చెప్పేవాడు," అని నా చెయ్యి పట్టుకుంది. అదే చెయ్యి, అదే మణికట్టు.

నేను చెప్పేశాను. పదకొండో మంచం పక్కన నిలబడే చెప్పాను. నాకు ఆ పని రాదమ్మా, వచ్చిన డాక్టరైతే మీ ఆయన బతికేవాడేమో అన్నాను.

చెయ్యి వదిలేసింది. తర్వాత, "మరి వచ్చని రాసిందెవరు?" అంది.

"నేనే."

ఏడుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆమె నేల వైపు చూసింది. "ఒక్క టైలు వంకరపోయినా వరస మొత్తం ఊడదీసేవాడు," అంది. "ఎవరు చూస్తారయ్యా అంటే, నడిచేవాళ్ళ కాలికి తెలుస్తుందే అనేవాడు." తర్వాత నన్ను చూసి అడిగింది. అప్పటిదాకా మీరు అన్న మనిషి, అప్పుడు మీరు అనలేదు. "నువ్వు ఊడదీస్తావా?"

సోమవారం లోపల ఊడదీస్తానన్నాను.

నకలు మడిచి సంచిలో పెట్టుకుంది. తలుపు దాకా వెళ్ళి, ఆ వంకర వరస మొదలయ్యే చోట ఆగి, వెనక్కి తిరగకుండానే అంది.

"సోమవారం వస్తా. నువ్వు చెయ్యి. నేను చూస్తా."